చప్పుడు లేని చదివింపులు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి ముందుగా ఒక మాట. చదరంగం ఆడటం రాదని బెంగపడకండి. నాకూ రాదు. ఏనుగు నిటారుగా పోతుంది, ఒంటె వాలుగా పోతుంది, గుర్రం ఎటు దూకుతుందో దానికే తెలియాలి. నా విద్య అంతవరకే. ఇన్నేళ్లూ నేను చూసుకున్నది ఆట సక్రమంగా జరగడం. ఆడేవాళ్లు వేరు, జరిపేవాళ్లు వేరు. పెళ్లిలో పిల్లాపిల్లవాడూ పీటల మీద కూర్చుంటారు, పందిరి కింద పరిగెత్తేవాళ్లు ఇంకొకరు. మనం పందిరి కింద వాళ్లం.

కామాటిపురలో మా గల్లీకి దగ్గరలో ఉన్న మునిసిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. దాదర్‌లో చదరంగం సంఘం ఆఫీసు ఊడ్చడానికి చేరాను. తర్వాత బల్లల మీద పావులు సర్దాను, తర్వాత ఫీజుల టేబుల్ దగ్గర కూర్చున్నాను, చివరికి విదేశాల వాళ్లు వచ్చే పోటీలకి హాలు మొత్తం నా చేతిలో పెట్టారు. ఏ ఏడు జీతం ఎంత పెరిగిందో రాయను. అది చదివి మీరు బాగుపడేది ఏమీ లేదు. అక్షరాలు మా మనవరాలు దిద్దింది. మాటలు నావే.

ఫీజు కట్టేవాళ్లు, కట్టనివాళ్లు

ఫీజుల టేబుల్ దగ్గర కూర్చున్న మొదటి రోజే నాకు తల తిరిగింది. పెద్ద బిరుదు ఉన్న ఆటగాడు ఫీజు కట్టడు. పైగా వాడికి గది మనమే ఇవ్వాలి, భోజనం మనమే పెట్టాలి, కొందరికి చేతిలో కూడా ఏదో ఒకటి పెట్టాలి. ఏ బిరుదూ లేనివాడు మాత్రం జేబు తడుముకుని కడతాడు. వాడేసిన కాగితం వెనకవైపు రాసుకునే మనిషిని నేను. ఒక టీ పొట్లంతో రెండు కప్పులు తీసేదాన్ని. ఈ లెక్క నాకు మింగుడు పడలేదు.

అప్పటి మా సెక్రెటరీ పరాంజపే సార్. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. నన్ను మావ్షీ అని పిలిచేవారు, అంటే పిన్నీ అని. ఆయన మరాఠీలో మాట్లాడేవారు, నేను తెలుగులో రాస్తున్నాను.

"సార్, ఇది ఉల్టా వ్యవహారం," అన్నాను.

"మావ్షీ, మీ ఇంట్లో పెళ్లయితే పురోహితుడి దగ్గర భోజనం డబ్బులు వసూలు చేస్తావా?"

"చేయను."

"ఆయన లేకపోతే పెళ్లి అవుతుందా?"

"కాదు."

"మరి కట్టించుకో ఫీజులు," అని చేతిలో రసీదు పుస్తకం పెట్టారు.

మీరూ ముందే తెలుసుకోండి. అంతర్జాతీయ పోటీ అంటే బల్లలు వేసి పిలిస్తే అయ్యేది కాదు. ముందుగా దేశ సంఘం ద్వారా ప్రపంచ సంఘానికి పేరు నమోదు చేయించాలి. దానికి రుసుము. రాష్ట్ర సంఘానికి ఒక రుసుము. లైసెన్సు ఉన్న ఆర్బిటర్లు కావాలి, అంటే ఆటకి తీర్పరులు. వాళ్ల ఫీజు, వాళ్ల రైలు, వాళ్ల బస. మొదటి బంటు కదలక ముందే సగం డబ్బు మెట్లు దిగి వెళ్లిపోతుంది.

అందుకే చెబుతున్నాను, చేతిలో లేని బహుమతిని కాగితం మీద వేయకండి. వేరే ఊళ్లో ఒకాయన పెద్ద మొత్తం ప్రకటించాడు, ఎంతమందో వస్తారని ఆశపడి. అనుకున్నంతమంది రాలేదు. ఆఖరి రోజున బహుమతి తగ్గించానన్నాడు. ఆటగాళ్లు వేదిక మీదే కూర్చుండిపోయారు, దిగమంటే దిగలేదు. ఆ తర్వాత ఆయన పోటీ పెడతానంటే ఎవరూ గడప తొక్కలేదు.

గడువు దాటాక ఫీజు పుచ్చుకోకండి. ఒక తండ్రి కారు దిగి వచ్చి నా టేబుల్ మీద గుద్దాడు. "ఐదు నిమిషాలకి కొంపలు మునుగుతాయా?" అన్నాడు.

"మునగవు. రేపు ఆటలో గడియారం అయిపోయాక మీ అబ్బాయి కూడా ఇంకో ఐదు నిమిషాలు అడుగుతాడా?" అన్నాను.

ఆయన వెళ్లిపోయాడు. పిల్లవాణ్ణి మరుసటి పోటీకి గంట ముందే తీసుకొచ్చాడు.

ఫోను మోగిన గ్రాండ్‌మాస్టరు

ఆటగాడి దగ్గర ఫోను ఉండకూడదు. మోగితే ఆట పోయినట్టే. ఈ రూలు చిన్నవాళ్ల కోసమే అనుకునేదాన్ని. మన దేశంలో పెద్దవాళ్ల కోసం రాసిన రూలు నేను ఎక్కడ చూశాను?

ఒకసారి గ్రాండ్‌మాస్టరు ఒకాయన, వేరే దేశం నుంచి వచ్చినవాడు, గెలిచే స్థితిలో ఉన్నాడని అందరూ గుసగుసలాడుకుంటున్నారు. ఆయన కోటు లోపలి జేబులో ఫోను మోగింది. మరిచిపోయాడు పాపం. ఆర్బిటర్ నడిచి వచ్చింది. ఆయన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. ఎదుటి పిల్లకి చెయ్యి అందించాడు, కాగితం మీద సంతకం చేశాడు, కుర్చీ చప్పుడు కాకుండా లోపలికి జరిపి వెళ్లిపోయాడు.

నేను గుమ్మం దగ్గర ఫోన్ల డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాను. కార్పొరేటరు బండి సిగ్నలు దగ్గర ఆగడం కూడా చూడని ఊరిదాన్ని. ఇంత పెద్ద మనిషి ఒక చిన్న రూలుకి అలా తల వంచడం దేవుడి గుళ్లో కూడా చూడలేదు. ఆ రోజు నుంచి ఈ ఉద్యోగం అంటే నాకు భక్తి.

పది కుర్చీల లెక్క

బిరుదు ఎలా వస్తుందో మీరు బాగా అర్థం చేసుకోవాలి. ఇంటర్నేషనల్ మాస్టర్ కావాలంటే నార్మ్‌లు మూడు సంపాదించాలి. నార్మ్ అంటే మెట్టు అనుకోండి. గట్టి పోటీలో, గట్టి వాళ్ల మీద, ఇన్ని పాయింట్లు తెచ్చుకుంటే ఒక మెట్టు. ఎదురు కూర్చున్నవాళ్లలో బిరుదులున్నవాళ్లు తగినంత మంది ఉండాలి. బయటి దేశాల వాళ్లు తగినంత మంది ఉండాలి. అందరి రేటింగూ, అంటే ఆట బలానికి వేసే అంకె, కలిపి సగటు కడితే అది ఒక గీతకి పైన ఉండాలి. ఇందులో ఏది తగ్గినా, మనవాడు అందర్నీ ఓడించినా నార్మ్ రాదు.

డబ్బున్నవాళ్లు యూరప్ వెళ్లి ఆడి తెచ్చుకుంటారు. లేనివాడు ఏం చేస్తాడు? వాడి దగ్గరికి విదేశాలే నడిచి రావాలి. అందుకే పదిమందితో చిన్న పోటీలు పెడతారు, ప్రతివాడూ మిగతా తొమ్మిదిమందితో ఆడతాడు. అతిథుల గదుల కోసం, భోజనాల కోసం, బహుమతుల కోసం మనం ఊరంతా తిరిగి అడుగుతాం. ఇది బోధపడిన రోజు నాకు అన్నం సహించలేదు. ఎక్కడి జార్జియా, ఎక్కడి వియత్నాం, ఎక్కడి కామాటిపుర.

మా గల్లీలో బాలరాజు అని ఒకడున్నాడు. మునిసిపాలిటీలో నీళ్ల వాల్వులు తిప్పే ఉద్యోగం. తెల్లవారకముందే పొడుగాటి ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని, గల్లీ గల్లీకీ నీళ్లు వదులుతాడు. అందరూ నీళ్ల బాలరాజు అంటారు. నలభై దాటినవాడు. వాళ్ల తాత మహబూబ్‌నగర్ నుంచి గోడలు కట్టడానికి వచ్చినవాడే, మా తాతలాగే. బాలరాజుకి చదరంగం పిచ్చి. ఎన్నో ఏళ్లు ఆడి రెండు నార్మ్‌లు తెచ్చుకున్నాడు. మూడోది అందలేదు. సెలవు లేదు, టికెట్టుకి డబ్బు లేదు.

"గంత సేపు ఒక్క ఎత్తుకు ఏం ఆలోచిస్తవురా?" అని ఒకసారి అడిగాను.

"వాల్వు జల్దీ తిప్పితే పైపు పగుల్తది పెద్దమ్మా," అన్నాడు. "గిది గూడ గంతే."

పరాంజపే సార్ పది కుర్చీల పోటీ ఒకటి ఖాయం చేశారు. అందులో పదో కుర్చీ బాలరాజుది. ఫీజు కట్టి వచ్చాడు. ఆడే పూట బాలరాజు తెల్లవారుజాము డ్యూటీ ముగించుకుని రాగలగాలని ఆటలన్నీ మధ్యాహ్నాలకి పెట్టారు. ఆఖరి ఆట ఒక్కటే ఆదివారం పొద్దున, అతిథులు సాయంత్రం విమానాలు ఎక్కాలి కాబట్టి.

బిల్డరు మేనల్లుడు

ఖర్చు భరిస్తానన్నది ఒక బిల్డరు. పెద్ద హోటల్లో హాలు, గదులు, అంతా తనదే అన్నాడు. కార్డులు అచ్చుకి వెళ్లబోతుండగా ఆఫీసుకి వచ్చాడు.

"మా మేనల్లుడు కూడా ఆడతాడు. ఆ నీళ్లవాడి బదులు వేయండి," అన్నాడు.

సార్ కాగితం తీసి లెక్క వేసి చూపించారు. ఆ కుర్రవాడి రేటింగు వేస్తే సగటు గీత కిందికి పడిపోతుంది. అప్పుడు ఏ ఒక్కరికీ నార్మ్ రాదు, విదేశీయులు వచ్చి ఊరికే ఆడి పోయినట్టు.

"అయితే ఏమైంది? డబ్బు నాది కదా?"

"డబ్బు మీది. సగటు ఎవరిదీ కాదు," అన్నారు సార్.

బిల్డరు లేచాడు. హోటలు, గదులు అన్నీ ఆయనతోనే లేచిపోయాయి. చాలామంది సెక్రెటరీలు అక్కడ వంగేవారు. ఫలానా వాళ్లని పేరు పెట్టి చెప్పను గానీ వంగినవాళ్లని చూశాను. సార్ వంగలేదు. కానీ బిల్డరు వెళ్లాక కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంటూ కూర్చున్నారు. రుసుములు కట్టేశాం. అతిథులు టికెట్లు కొనుక్కున్నారు.

"సార్, మా తెలుగువాళ్ల సమాజం హాలు ఉంది. మొదటి అంతస్తు. బాడుగ అడగరు," అన్నాను.

"కామాటిపురలోనా?" అన్నారు ఆయన, మెల్లగా.

ఆ అడగడం నాకు తెలుసు. మా పేట పేరు వింటే టాక్సీవాడు కూడా అద్దంలోంచి చూసి నవ్వుతాడు. ఈ పట్నం గోడలు కట్టినందుకు మా కామాటీల పేరు ఆ పేటకి వచ్చింది. సాని ఇళ్లూ, ఈ నవ్వూ తర్వాత వచ్చాయి.

"అక్కడే," అన్నాను.

చదివింపులు

హాలుకి రూలు ప్రకారం వెలుతురు చాలాలి, బల్లకీ బల్లకీ ఎడం ఉండాలి, మరుగుదొడ్లు శుభ్రంగా ఉండాలి. అన్నిటికంటే ముందు నిశ్శబ్దం ఉండాలి. కింద రేకులు కొట్టే కార్ఖానా ఉంది. ఆ సేఠ్ దగ్గరికి వెళ్లాను. పోటీ జరిగే రోజుల్లో మధ్యాహ్నాలు కొట్టుడు పని మాని కట్టలు కట్టే పని పెట్టుకున్నాడు, ఆదివారం ఎలాగూ సెలవే. బాలరాజు పేరు చెబితే చాలు, నీళ్లు అందరికీ కావాలి కదా.

మిగిలింది అతిథుల లాడ్జి ఖర్చు, బహుమతులు. మా చాలు, అంటే ఒంటిగది ఇళ్ల మేడ, నడవాలో అందర్నీ పోగుచేసి విషయం చెప్పాను. మా పక్కగది సత్తెమ్మ ముందు నోరు తెరిచింది. ఆసుపత్రిలో ఆయా పని చేస్తుంది, ఊరుకునే మనిషి కాదు.

"గా బాలరాజుకు మనం పైసలిచ్చుడేందక్కా? నా బకెటు నిండకముందే బంద్ జేస్తడాయె."

"నీ బకెటు గంగాళమంత ఉంటది, గాయనేం జేస్తడు?" అన్నాడు ఎల్లయ్య. అందరూ నవ్వారు.

ఎల్లయ్య మా గల్లీల్లో పెళ్లిళ్లకి చదివింపులు చదివే మనిషి. కాగితం అక్కర్లేదు. మైకు కూడా అక్కర్లేదు, ఉంటే పట్టుకుంటాడు. ఫలానా గల్లీ, ఫలానావారి కొడుకు ఫలానా, ఇంత, అని అతను చదివితే నాలుగు గల్లీల అవతల పిల్లలు లేచి ఏడుస్తారు.

"ఇస్తమక్కా," అన్నాడు ఎల్లయ్య. "గని చదివింపు లెక్కనే ఇస్తం. పళ్లెంల ఏసుడు, పేరు సదువుడు. నీ రసీదు ఎవడు సూస్తడు? పేరు పదిమంది చెవులవడాలె."

నేను సరే అన్నాను. ఆట అయ్యాక బహుమతులు, బహుమతుల ముందు చదివింపులు. అందులో తప్పేమీ కనబడలేదు. తప్పు తర్వాత వచ్చింది. ఎల్లయ్య నన్ను అడగకుండా గల్లీలన్నీ తిరిగి, ఎవరెంత ఇస్తారో కనుక్కుని, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకి అని ముహూర్తం చెప్పేశాడు. ధారావిలో ఉండే మన మహబూబ్‌నగర్ కూలీలకి కూడా కబురు పంపాడు. పెళ్లికి ముహూర్తం ఉంటుంది కాబట్టి ఆటకీ ఉంటుందనుకున్నాడు. చదరంగానికి మొదలయ్యే గంటే ఉంది, ముగిసే గంట లేదు. ఈ తేడా మా వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఆదివారం

ఆఖరి ఆటలో బాలరాజుకి జార్జియా నుంచి వచ్చిన పెద్దాయన ఎదురుపడ్డాడు. తెల్ల గడ్డం, నెమ్మదైన మనిషి. బాలరాజుకి అర పాయింటు కావాలి. డ్రా అయితే మూడో నార్మ్. ఓడితే ఏమీ లేదు.

మిగతా నాలుగు బల్లలూ ఒంటిగంటకే ఖాళీ అయ్యాయి. బాలరాజు బల్ల మీద ఆయనకి రాజు, ఏనుగు, ఒంటె మిగిలాయి. మనవాడికి రాజు, ఏనుగు. సార్ నా పక్కకి వచ్చి చెవిలో చెప్పారు. ఇక్కడ రూలు ఒకటి ఉంది. ఇద్దరూ వరసగా యాభై ఎత్తులు వేసినా ఏ పావూ చావకపోతే, ఏ బంటూ కదలకపోతే, డ్రా అడగవచ్చు. అంతవరకు మనవాడు ఒక్క ఎత్తు కూడా తప్పు వేయకూడదు. వేస్తే రాజు చిక్కుతాడు.

రెండు గంటలకి మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. తెల్ల చొక్కాలు, పట్టుచీరలు, తలకి నూనె. ఎల్లయ్య చేతిలో ఇత్తడి పళ్లెం. నేను గుమ్మం దగ్గర అడ్డం నిలబడ్డాను.

"ఆగుర్రి. ఇంక అయిపోలే."

"ఎప్పుడైతది?"

"ఎవరికెరుక."

"నాకు మూడింటికి డ్యూటీ ఉందక్కా," అంది సత్తెమ్మ గొంతు తగ్గించి. వెనక ఒక వాచ్‌మన్‌కీ అదే తొందర. ధారావి వాళ్లకి సైటు మీద ట్రక్కు వస్తుంది. వీళ్లు వెళ్లిపోతే పళ్లెం నిండదు. పళ్లెం నిండకపోతే లాడ్జి బిల్లు కట్టలేం, ప్రకటించిన బహుమతి ఇవ్వలేం. పళ్లెం నిండాలంటే ఎల్లయ్య గొంతు లేవాలి. ఆ గొంతు లేస్తే బాలరాజు చెయ్యి తడబడుతుంది. చీఫ్ ఆర్బిటర్ నాగ్‌పూర్ నుంచి వచ్చిన మేడమ్. మా వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టింది. ఇంకోసారి చూస్తే అందర్నీ దింపేస్తుంది. అది ఆమె పని, తప్పు పట్టను.

ఎల్లయ్య నా భుజం మీదుగా లోపలికి చూశాడు. అతనికి ఆట తెలియదు. బాలరాజు చెయ్యి చూశాడు. ఆ చెయ్యి లేచి, ఏనుగుని ముట్టుకుని, గడి మీద దించి, వెనక్కి వచ్చింది. తొందర లేదు.

"తాళం తిప్పినట్టే తిప్పుతుండు," అన్నాడు గుసగుసగా. తర్వాత పళ్లెం నా చేతికిచ్చాడు. "అక్కా, దీంట్ల నీ కొంగు పరువు. చిల్లర మోగుతది."

నేను కొంగు పరిచి గుమ్మానికి పక్కకి జరిగాను.

ఎల్లయ్య హాలు వెనక గోడ దగ్గర నిటారుగా నిలబడ్డాడు, పెళ్లి పందిట్లో నిలబడ్డట్టే. ఎడమ చెయ్యి చెవి మీద పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. శబ్దం రాలేదు. పెదవులు మాత్రం కదిలాయి. గల్లీ, తండ్రి పేరు, సొంత పేరు, ఎంత. ఒక్క అక్షరం వినబడలేదు. మా వాళ్లు తలెత్తి అతని పెదవులనే చూస్తున్నారు. తన పేరు పెదవుల మీద కనబడగానే ఒక్కొక్కరు ముందుకి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని, నా కొంగులో డబ్బు వేసి, సభకి దండం పెట్టి వెనక్కి వెళ్లారు. ఆ సభలో వాళ్లని చూసేవాళ్లు లేరు. అయినా పెట్టారు.

సత్తెమ్మ పేరు వచ్చినప్పుడు ఆమె రెండు వేళ్లు ఊపింది. ఎల్లయ్య తక్కువ చెప్పాడట. ఎల్లయ్య చెవి మీది చెయ్యి తీసి, నోరు ఇంకా పెద్దగా తెరిచి, మళ్లీ చదివాడు, చప్పుడు లేకుండానే. వెనకవాళ్ల భుజాలు నవ్వుతో ఊగాయి. నోళ్లు మూసుకునే ఊగాయి.

మా వాళ్లు చావు ఇంట్లో కూడా మెల్లగా మాట్లాడరు. పుట్టి బుద్ధెరిగాక ఆ హాల్లో గడియారం నడిచే చప్పుడు నాకు వినబడింది ఆ రోజే.

జార్జియా పెద్దాయన ఒకసారి కుర్చీలోంచి లేచి మా వైపు రెండడుగులు వేసి చూశాడు. గోడ దగ్గర గొంతు లేకుండా అరుస్తున్న మనిషి, చెప్పులు చేత్తో పట్టుకున్న వరస. ఫిర్యాదు చేసే హక్కు ఆయనకి ఉంది. మేడమ్ ఆయన ముఖమే చూస్తోంది. ఆయన కాసేపు నిలబడి, మునివేళ్ల మీద నడిచి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

మూడు దాటింది. ఎవరూ వెళ్లలేదు. ఎల్లయ్య చదవడం అయిపోయినా చెవి మీద చెయ్యి తీయలేదు.

అప్పుడు బాలరాజు గడియారం ఆపాడు. తను రాసుకున్న ఎత్తుల కాగితం చేత్తో ఎత్తి మేడమ్‌ని పిలిచాడు. ఆమె ఒక్కో వరసా వేలుతో దిగుతూ చూసింది. తల ఊపింది. పెద్దాయన చెయ్యి చాచాడు. బాలరాజు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇద్దరూ సంతకాలు చేశారు.

హాల్లో ఇంకా చప్పుడు లేదు. అయిపోయిందని మా వాళ్లకి తెలియదు. బాజాలు మోగితే కదా పెళ్లి అయిందని తెలిసేది. అందరూ నా వైపు చూశారు. నేను చెప్పాలి. ఇన్నేళ్లు గదమాయించి బతికినదాన్ని, ఆ రోజు గొంతు తగ్గించుకున్నాను. "అయింది. నిలబడ్డడు," అన్నాను.

ఎల్లయ్య చెయ్యి దించి, మైకు దగ్గరికి నడిచి, గొంతు సవరించుకున్నాడు. "ఇగ సదువుతనక్కా, అందరి పేర్లు."

సత్తెమ్మ అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది.

"సదివినవు గద," అంది. "మల్లేంది? అందరం ఇన్నం."

ఎవరూ కాదనలేదు. బాలరాజు దగ్గరికి వెళ్లి ఒక్కొక్కరు భుజం తట్టి, మెట్లు దిగి, ఎవరి డ్యూటీకి వాళ్లు పోయారు. లాడ్జి బిల్లుకీ బహుమతులకీ సరిపోయిన ఆ కొంగు మూట కట్టుకుని నేను సార్ దగ్గరికి నడిచాను. ఆయన లేచి నిలబడ్డారు. నాకోసం ఆయన లేవడం అదొక్కసారే.

స్పాన్సర్లని వెతకడం మీకు ఎవరైనా నేర్పుతారు. రూల్ పుస్తకం మీరే చదువుకుంటారు, మీకు నాకంటే చదువు ఎక్కువ. నేను చెప్పదలచింది ఆ మధ్యాహ్నం ఒక్కటే. డబ్బు ఇచ్చినవాళ్లకి ఆటలో ఏం వస్తుందని ఎవరైనా అడిగితే ఇది చెప్పండి.

మర్నాడు తెల్లవారుజామున మా గల్లీ నల్లాలో నీళ్లు వచ్చాయి. రోజూలాగే, ముందు సన్నగా, తర్వాత నిండుగా. సత్తెమ్మ బకెటు నిండేదాకా నీళ్లు బంద్ కాలేదు.